కాలాపానీ పాట: అండమాన్ నిరసన గేయాల్లో యుద్ధం, అధికారం

అండమాన్ దీవులతో ముడిపడిన నిరసన గేయాలు, పద్యాలు రెండు చోట్ల పుట్టాయి: పోర్ట్ బ్లెయిర్ జైలు గదుల్లో, ఆ జైలుకు మనుషుల్ని ఓడ ఎక్కించి పంపిన పోరాటాల్లో. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ఖైదీల వలస నెలకొల్పింది. తెలుగులో అక్కడికి పంపే శిక్ష పేరు ద్వీపాంతరవాసం; జనం నోట కాలాపానీ.

తొలి గొంతు ఓడినవారిది. 1857 తిరుగుబాటు కేసులో శిక్షపడి వచ్చిన పండితుడు ఫజ్లే హక్ ఖైరాబాదీ ఆ యుద్ధాన్ని, పరాజయాన్ని అరబ్బీలో రాశారు. 1861లో అక్కడే మరణించారు.

1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఏడు విభాగాలు, 693 గదులు ఉండేవి. ఒక గది తలుపు ఎదురుగా కనిపించేది మరో విభాగం వెనుక గోడే. ఖైదీని గానుగకు కట్టి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయమనేవారు. లెక్క తగ్గితే దెబ్బలు. చక్రవర్తి ఎక్కడో లండన్‌లో ఉంటాడు, ఖైదీకి అధికారమంటే ఆ గానుగ, ఆ నూనె కొలత. కాగితం, కలం ఇవ్వరు కాబట్టి కంఠస్థం కాగలిగినదే మిగిలింది. అక్కడి ఖైదీ సావర్కర్ ‘కమల’ వంటి మరాఠీ కావ్యాలను గోడ మీద గీకి, వల్లెవేసి నిలుపుకున్నారు. వచనమైతే అలా దక్కేది కాదు. ఛందస్సు అక్కడ చేసింది భద్రపరిచే పని.

తెలుగువారికి ఈ జైలుతో సంబంధం ప్రధానంగా మన్యం నుంచి వచ్చింది. 1922-24 రంప పితూరీలో పట్టుబడిన అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరు ద్వీపాంతరం వెళ్లారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా అక్కడికే. రంప పితూరీ కాలంలోనే తీరాంధ్రలో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాడి రెండుసార్లు జైలు పాలయ్యారు. అందులో సామ్రాజ్యం మీద సిద్ధాంత చర్చ లేదు. దేశంలో పంట పండినా కంచంలోకి మెతుకు రాకపోవడం, ఉప్పు తాకినా నేరం కావడం, కూటి కోసం కుక్కలతో పోటీపడాల్సి రావడం ఉన్నాయి. దొరతనాన్ని వంటింటి లెక్కలో చెప్పడం వల్లే చదువురాని వారికీ అది ఎక్కింది.

మన్యం పోరాటాన్ని బుర్రకథలు, సినిమా పాటలు వేరేగా చూపాయి. వాటిలో యుద్ధం వీరగాథ. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రానికి శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’కు జాతీయ పురస్కారం వచ్చింది. ఈ కథలు సాధారణంగా 1924 మే 7న రాజు మరణంతో ఆగిపోతాయి. ఓడ ఎక్కిన అనుచరులకు అందులో చోటు తక్కువ.

ఇటు సెల్యులార్ జైలులో, 1933 మేలో రాజకీయ ఖైదీలు చేసిన నిరాహార దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా బలవంతపు ఆహారం వల్ల చనిపోయారు. 1937లో జరిగిన మరో దీక్ష తర్వాత రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తరలించడం మొదలై, 1938 తొలినాళ్లకు ముగిసింది.

అసలు యుద్ధం దీవులకు 1942 మార్చి 23న జపాన్ సైన్యంతో వచ్చింది. తెల్లదొరలు పోయారు, జైలు మాత్రం పనిచేస్తూనే ఉంది. పంజాబీ కవి, వైద్యుడు దివాన్ సింగ్ 1927 నుంచి అక్కడే పనిచేస్తూ ‘కాలేపాణీ’ని కలం పేరుగా తీసుకున్నారు, 1938లో ‘వగ్దే పాణీ’ వెలువరించారు. ఆయనవి గేయాలు కావు, స్వేచ్ఛాఛందస్సులోని కవితలు. అయినా ఈ కోవలో ఆయన్ని వదలలేం. గూఢచర్యం ఆరోపించి జపాన్ వారు సెల్యులార్ జైలులోనే చిత్రహింసలు పెట్టగా 1944 జనవరి 14న కన్నుమూశారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు.

1979లో జైలు జాతీయ స్మారకమైంది. ఏడింటిలో మూడు విభాగాలే నిలిచాయి. సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శనలో ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది.