లినక్స్ కెర్నల్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లను దించే పద్ధతి: చారిత్రక పరిణామం (1995–2022)

వ్యాససంగ్రహం: కంప్యూటర్ నడుస్తూ ఉండగానే నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను మెమరీ నుంచి దించే పద్ధతి లినక్స్‌లో ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డ్రైవర్ వాడుకలో ఉందో లేదో లెక్క చూసే బాధ్యత డ్రైవర్ నుంచి దాని వెలుపలికి మారడమే ఈ చరిత్రలో ప్రధాన పరిణామమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, కెర్నల్, మాడ్యూల్, నెట్‌వర్క్ డ్రైవర్, సాంకేతిక చరిత్ర, పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగం కెర్నల్. నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలతో కెర్నల్ తరఫున వ్యవహరించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అవసరమైనప్పుడు ఎక్కించి, అక్కర తీరాక దించగలిగే డ్రైవర్‌ను మాడ్యూల్ రూపంలో తయారు చేస్తారు. ఎక్కించడం సులభం. దించడమే చిక్కు. సాధారణ ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే ఆగిపోతుంది. కెర్నల్‌లో అలాంటి అడ్డుగోడలు లేవు. ఒక ప్రాసెసర్ డ్రైవర్ ఆదేశాలను అమలు చేస్తుండగా ఆ డ్రైవర్ ఉన్న మెమరీని ఖాళీ చేస్తే యంత్రం మొత్తం స్తంభించవచ్చు. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. కార్డు ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా నేరుగా మెమరీలో రాయగలదు. డ్రైవర్ వెళ్ళిపోయాక కూడా అది రాస్తూనే ఉంటే, అప్పటికి ఆ చోటు కేటాయించబడిన వేరొకరి సమాచారం చడీచప్పుడు లేకుండా పాడవుతుంది.

ఈ ప్రక్రియకు 'తొలగించు' కంటే 'దించు' అనే క్రియే సముచితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతపు పల్లెల్లో నిండు గంప నెత్తిన పెట్టుకొని వచ్చిన మనిషి 'రవ్వంత చెయ్యెయ్యమ్మా' అని ఎదుటివారిని పిలుస్తుంది. మోస్తున్నవారు ఒంటరిగా దించుకోబోతే గంప ఒరిగిపోతుంది. లినక్స్ అభివృద్ధికారులు ఈ సంగతిని గుర్తించి, ఆచరణలో పెట్టడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది.

2. తన లెక్క తానే చూసుకొన్న దశ

1995 మార్చిలో విడుదలైన లినక్స్ 1.2 వెర్షన్ నాటికే మాడ్యూళ్ళ సౌకర్యం ఉంది. ప్రతి మాడ్యూల్‌కూ ఒక వాడుక లెక్క ఉండేది. ఎవరైనా పరికరాన్ని తెరిస్తే డ్రైవర్ తన లెక్కను ఒకటి పెంచుకొనేది, మూస్తే ఒకటి తగ్గించుకొనేది. లెక్క సున్నా అయితేనే దించడానికి అనుమతి.

లోపం ఈ ఏర్పాటు రెండు కొసల్లోనూ ఉంది. కెర్నల్ డ్రైవర్‌ను పిలవాలని నిశ్చయించుకొన్న క్షణానికీ, డ్రైవర్ లోపలి ఆదేశం లెక్కను పెంచే క్షణానికీ మధ్య కొద్దిపాటి ఎడం ఉంటుంది. ఆ ఎడంలో లెక్క సున్నాగానే కనిపిస్తుంది. అలాగే లెక్కను తగ్గించాక కూడా డ్రైవర్‌లో ఇంకా కొన్ని ఆదేశాలు మిగిలే ఉంటాయి. ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లో ఇది అరుదుగా బయటపడేది. 1996 జూన్‌లో వచ్చిన 2.0 వెర్షన్ ఒకటికి మించిన ప్రాసెసర్లకు చోటిచ్చింది. కెర్నల్ అంతటికీ మొదట ఒకే పెద్ద తాళం ఉండేది, 2.2 (1999), 2.4 (2001) వెర్షన్లలో దాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొట్టుకొంటూ వచ్చారు. వేగం పెరిగింది, దానితోపాటు ఆ ఎడంలో ప్రమాదం జరిగే అవకాశమూ పెరిగింది. 2.4లో ప్రవేశించిన 'యజమాని' అనే క్షేత్రం దీనికి తొలి దిద్దుబాటు. దాని ఆధారంగా డ్రైవర్‌లోకి అడుగుపెట్టకముందే కెర్నలే లెక్కను పెంచసాగింది.

3. 2002: దించాలా, వద్దా?

ఇంత ప్రయాసపడి దించడం ఎందుకు, ఆ సౌకర్యాన్నే వదిలేస్తే పోదా అన్న వాదం 2002లో అభివృద్ధికారుల మధ్య గట్టిగానే వినిపించింది. ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రస్సెల్ మాడ్యూళ్ళను ఎక్కించే విభాగాన్ని తిరగరాశారు. అది 2002 నవంబరులో 2.5.48 వెర్షన్‌లో చేరింది. కొత్త పద్ధతిలో మాడ్యూల్‌ను వాడదలచినవారు ముందు అనుమతి అడగాలి. మాడ్యూల్ అప్పటికే నిష్క్రమణ దశలో ఉంటే 'లేదు' అనే సమాధానం వస్తుంది. దించే సౌకర్యం మాత్రం కెర్నల్‌ను నిర్మించేటప్పుడు ఉంచుకోదగిన, వదులుకోదగిన ఐచ్ఛికంగా మిగిలింది. లెక్కతో పనిలేకుండా బలవంతంగా దించడానికి వేరే ఐచ్ఛికం కూడా పెట్టారు. వాదం ఎటూ తెగలేదనడానికి ఇదే నిదర్శనం.

అంతకు నెల ముందు, అక్టోబరులో, 2.5.43లో మరొక పద్ధతి చేరింది. పాత సమాచారాన్ని చదువుతున్నవారందరూ ముగించేదాకా వేచి, ఆ తర్వాతే దాన్ని మెమరీ నుంచి విడిచిపెట్టడం దీని సారం. దీని మూలాలు సీక్వెంట్ సంస్థలో పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ చేసిన కృషిలో ఉన్నాయి. లినక్స్‌లోకి దీన్ని తెచ్చినవారిలో ముఖ్యుడు ఐబీఎం బెంగళూరు కేంద్రంలో పనిచేసిన దీపాంకర్ శర్మ. చిత్తూరుకు పొరుగునే జరిగిన ఈ పని మన సాంకేతిక చరిత్రరచనలో తగినంతగా నమోదు కావలసి ఉంది.

4. నెట్‌వర్క్ డ్రైవర్ల ప్రత్యేకత

ఫైలును ఎవరో ఒకరు తెరుస్తారు, మూస్తారు. కనుక అక్కడ లెక్క సరిపోతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్ పిలవకుండానే వస్తుంది. 2.4లో నెట్‌వర్క్ అనుసంధానం పనిచేస్తున్నంతకాలం దాన్ని వాడుకగానే లెక్కించి, దించడానికి నిరాకరించేవారు. 2.6 (డిసెంబరు 2003) నాటికి ఈ దృష్టి మారింది. అనుసంధానం నడుస్తున్నా దించమన్న ఆదేశాన్ని కెర్నల్ స్వీకరిస్తుంది; నిరాకరించడానికి బదులు దారులన్నీ వరసగా మూసుకొంటూ వస్తుంది.

చెరువు కింద సేద్యం చేసేవారికి ఈ వరస కొత్త కాదు. తూము మూసినంతమాత్రాన కాలువ ఎండదు. అప్పటికే దిగిన నీరు కడపటి మడిదాకా పారాలి. డ్రైవర్ విషయంలోనూ ముందుగా కొత్త ప్యాకెట్లను పంపడం ఆపుతారు. స్వీకరణ పనిని నిలిపి, సాగుతున్న విడత ముగిసేదాకా ఆగుతారు. కార్డు నేరుగా మెమరీలో రాయడాన్ని ఆపించి, దాని అంతరాయ సంకేతాలను విడుదల చేస్తారు. ఏ ప్రాసెసర్‌లోనైనా ఆ సంకేతానికి స్పందన నడుస్తుంటే అది పూర్తయ్యేదాకా ఈ విడుదల ముగియదు. గడియారాలను రద్దు చేస్తారు. ఆ తర్వాతే బఫర్ల మెమరీని వదులుతారు. ఈ వరసలో ఒక్క మెట్టు తారుమారైనా మొదట చెప్పిన ప్రమాదం తప్పదు. కార్డు ఇంకా రాస్తుండగా బఫర్లను వదలడం వీటన్నింటిలోకీ గుర్తించడానికి కష్టమైన తప్పు, ఎందుకంటే దాని ఫలితం డ్రైవర్‌తో సంబంధమే లేని చోట బయటపడుతుంది.

ఇంత చేసినా ఒక శేషం ఉంటుంది. అనుసంధానాన్ని వర్ణించే నిర్మాణాన్ని రూటింగ్ పట్టికలు, సాకెట్లు ఇంకా పట్టుకొని ఉండవచ్చు. అందుకే 2003 నుంచి ఆ నిర్మాణాన్ని డ్రైవర్ తన సొంత ఆవరణలో ఉంచుకోకుండా కెర్నల్ నుంచి విడిగా కేటాయించుకొనే పద్ధతి స్థిరపడింది. డ్రైవర్ పోయినా నిర్మాణం నిలవగలదు. ఎవరైనా పట్టు వదలకపోతే తొలగింపు ముందుకు సాగదు; అనుసంధానం పేరు, మిగిలిన లెక్క తెలుపుతూ 'ఖాళీ అయ్యేందుకు వేచి ఉన్నాం' అనే అర్థంగల సందేశం 10 సెకన్లకొకసారి వస్తూంటుంది.

ఆ సందేశం ఎన్ని పట్లు మిగిలాయో చెబుతుంది, ఎవరివో చెప్పదు. ఈ వెలితిని తీర్చడానికి ఎరిక్ డ్యూమజే రూపొందించిన ఏర్పాటు 2022 మార్చిలో వచ్చిన 5.17 వెర్షన్‌లో చేరింది. ఏ పట్టు కెర్నల్‌లో ఏ చోట మొదలైందో అది విడివిడిగా నమోదు చేస్తుంది. ఈ నమోదుకు అదనపు మెమరీ, సమయం ఖర్చవుతాయి కనుక దీన్ని ప్రధానంగా పరీక్షల కోసం నిర్మించే కెర్నళ్ళలోనే తెరిచి ఉంచుతారు. మామూలు యంత్రంలో ఆ సందేశం ఆగకుండా వస్తుంటే, దాన్ని ఆపివేసి మళ్ళీ ప్రారంభించడమే నిర్వాహకులకు నేటికీ తరచుగా మిగిలే మార్గం.