పచ్చిక పనిలో పనితనం

పచ్చిక చూసుకోవడం కూడా ఒక వృత్తేనా, మిషన్ కొనుక్కుంటే ఎవరైనా నెట్టుకుంటూ పోవచ్చు కదా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మిషన్ ఎంత పాతదో ఈ మాటా అంతే పాతది. ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతం ఉన్ని బట్టల మిల్లులకు పేరుపడింది. నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాలు అక్కడ ఉండేవి. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ ఆ పద్ధతినే గడ్డికి పట్టించి 1830 ఆగస్టు 31న పేటెంటు తీసుకున్నాడు. పల్లెల్లో ఉండే పెద్దమనుషులు ఈ యంత్రాన్ని స్వయంగా తోసుకుంటే కాలక్షేపానికి కాలక్షేపం, ఒంటికి మంచి వ్యాయామం అన్న మాట ఆ పేటెంటు పత్రంలోనే ఉంది. అంటే పుట్టిన రోజునే ఆ యంత్రం పనివాడి అవసరం లేదని చెప్పింది. దాదాపు 200 ఏళ్ల చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజమైంది. కోయడం ఎవరికైనా చేతనవుతుంది. ఎప్పుడు కోయకూడదో, ఎంత దగ్గర ఆపాలో, ఏ మందు చల్లకుండా ఉండాలో తెలిసినవాడే ఈ పనిలో అసలైన వృత్తి నిపుణుడు. నా వాదన ఇదే.

బడ్డింగ్‌కు ముందు పచ్చిక కోసింది పొడవాటి పిడి ఉన్న పెద్ద కొడవళ్లు పట్టినవాళ్లు. గడ్డి తడిగా ఉంటే ఆ కత్తికి తేలిగ్గా తెగుతుంది కాబట్టి మంచు ఆరకముందే పనిలోకి దిగేవాళ్లు. నాలుగు వరసలు కోసి ఆగి, సానరాయితో అంచు పదును చేసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. వెనక చీపుళ్లతో ఊడ్చేవాళ్లు ఉండేవాళ్లు. లండన్ రీజెంట్స్ పార్కులోని జంతు ప్రదర్శనశాల తోటలో బడ్డింగ్ యంత్రం దిగాక, కొడవళ్లు, చీపుళ్లతో ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా చేసే పని అదొక్కటే చేస్తోందని అక్కడి మేస్త్రీ చెప్పాడు. ఆ మనుషుల కూలి పోయిందన్నది నిజం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే కొడవలి కష్టమైన పని కావడం వల్ల గడ్డికి తెలియకుండానే ఒక రక్షణ ఉండేది, ఎవరూ అవసరానికి మించి కోసేవాళ్లు కాదు. యంత్రంతో ఆ అడ్డు పోయింది. రోజూ కోయవచ్చు, నేల కనిపించేదాకా కోయవచ్చు. కాబట్టి కత్తికి ఉన్న హద్దు పోయిన చోట మనిషే హద్దు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ హద్దు ఎక్కడుందో చాలాకాలం అనుభవంతోనే తెలుసుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎఫ్.జె. క్రైడర్ దాన్ని కొలిచి 1955లో ప్రచురించాడు. గడ్డి పైభాగాన్ని రకరకాల పాళ్లలో కత్తిరించి, కింద వేళ్లు ఏమవుతున్నాయో చూశాడు. 40 శాతం దాకా తీసేసినా వేళ్ల పెరుగుదల ఆగలేదు. సగం దాటాక ఆగడం మొదలైంది. 80 శాతం ఒక్కసారే తీసేస్తే వేళ్లన్నీ రోజుల తరబడి పెరగడం మానేశాయి. ఆకులే గడ్డికి తిండి వండే చోటు, అవి పోతే కింద వేరుకు తిండి లేదు. వేరు లోతుకు దిగని గడ్డి మర్నాటి ఎండకే వాడిపోతుంది, దానికి మళ్లీ నీళ్లు కావాలి. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయవద్దన్న సూత్రానికి బలం ఇక్కడి నుంచే వచ్చింది. బాగా పొట్టిగా కోస్తే మళ్లీ పిలవాల్సిన పని ఉండదని ఇంటివాళ్లు అడిగినప్పుడు, కుదరదని చెప్పి రెండు విడతల్లో కోసేవాడికి తన పని తెలుసు.

క్రైడర్ కొలవడానికి దాదాపు 100 ఏళ్ల ముందే ఈ నిగ్రహాన్ని వృత్తిగా బతికినవాడు స్కాట్లండులోని టామ్ మారిస్. 1821లో సెంట్ ఆండ్రూస్‌లో పుట్టాడు. 1851లో ప్రెస్ట్‌విక్ గోల్ఫ్ మైదానం చూసుకోవడానికి వెళ్లి, 1860ల నడుమ సొంత ఊరికి తిరిగొచ్చి, 1903 దాకా అక్కడి మైదానానికి కాపరిగా ఉన్నాడు. ఓపెన్ చాంపియన్‌షిప్ నాలుగుసార్లు గెలిచిన ఆటగాడు కూడా ఆయనే. తన నేల మీద ఆడితే ఎక్కడ నొప్పి పుడుతుందో ఆటగాడిగా తెలిసినవాడు. ప్రెస్ట్‌విక్‌లో ఒక బండి ఇసుక పొరపాటున గ్రీన్ (బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ఒలికిపోయిందని, తర్వాత ఆ చోటే గడ్డి ఏపుగా లేచిందని, అప్పటి నుంచి ఆయన ఇసుక చల్లడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా పద్ధతి మాత్రం నిలిచింది. పలుచగా చల్లిన ఇసుక గుంటల్ని పూడ్చి నేలను సమం చేస్తుంది, గడ్డి మొదట్లో పేరుకున్న ఎండుపీచు మధ్యకు దిగి గాలి, నీరు ఆడనిస్తుంది. నేటికీ గోల్ఫ్ మైదానాల్లో అదే చేస్తున్నారు. ఇసుక కన్నా నాకు పెద్దదిగా కనిపించేది ఇంకొకటి: ఆదివారం ఆట వద్దని ఆయన పట్టుబట్టాడు. దైవభక్తి ఒక కారణమే. దానితోపాటు, ఆడేవాళ్లకు విశ్రాంతి అక్కర్లేకపోయినా గడ్డికి కావాలన్నది ఆయన లెక్క. పెద్ద టోర్నీలప్పుడు తప్ప సెంట్ ఆండ్రూస్‌లో ఆయన చూసుకున్న ఓల్డ్ కోర్సు ఇప్పటికీ ఆదివారం ఆటకు మూసే ఉంటుంది.

ఒక మనిషిలో ఉన్న ఆ నేర్పు పదిమందికి అందాలంటే చదువు, సంఘం కావాలి. అవి అమెరికాలో వేగంగా వచ్చాయి. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పైపర్, ఓక్లీ 1917లో గోల్ఫ్ మైదానాల పచ్చిక మీద పుస్తకం రాశారు. 1926లో ఒహాయోలోని టొలీడోలో గ్రీన్‌కీపర్లు జాన్ మోర్లీ నాయకత్వంలో జాతీయ సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో వాళ్ల కోసం చలికాలపు తరగతులు మొదలయ్యాయి. అయితే చదువు ఉన్నంత మాత్రాన నిగ్రహం వస్తుందనుకోవడం తప్పు. అదే కాలంలో అవే మైదానాల మీద బూజుకు పాదరసం మందులు, పురుగుకు లెడ్ ఆర్సినేట్ దశాబ్దాల పాటు చల్లారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 2,4-డి అనే కలుపుమందు ఇళ్ల ముందుకు వచ్చింది. వెడల్పాకు మొక్కల్ని చంపే ఆ మందు క్లోవర్‌నూ చంపింది. అంతకుముందు పచ్చిక విత్తనాల్లో కావాలని కలుపుకున్న మొక్క అది, గాలిలోని నత్రజనిని నేలకు పట్టించేది. అది పోయిన చోట సంచీల్లో నత్రజని కొని పోయాల్సి వచ్చింది. 1968లో ఒహాయోలోనే పుట్టిన కెమ్‌లాన్ వంటి సంస్థలు ట్యాంకర్లతో ఇంటింటికీ వచ్చి తేదీల ప్రకారం మందు కొట్టే పద్ధతిని వ్యాపారంగా మలిచాయి. తేదీ వచ్చిందని చల్లేవాడు నేల వైపు చూడాల్సిన అవసరమే లేదు. చూడాల్సిన పని లేకపోయాక మిగిలేది రవాణా, వృత్తి కాదు.

మందు కొట్టడానికి లైసెన్సు ఉంది కదా, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు నిపుణుడు కాడా అని అడగవచ్చు. లైసెన్సు అవసరమే, అది లేనివాడి చేతికి విషం ఇవ్వకూడదు. కానీ ఆ పరీక్షలు ప్రధానంగా చట్టాన్ని, మోతాదును, జాగ్రత్తల్ని అడుగుతాయి. మందు అవసరమా అన్న నిర్ణయం కాగితం చేతికొచ్చాక నేల మీద జరిగేది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లో కేవలం అందం కోసం పురుగుమందులు వాడటాన్ని నిషేధించింది. రెండు పచ్చిక సంస్థలు కోర్టుకెక్కాయి. 2001లో ఆ దేశపు సుప్రీంకోర్టు పట్టణం వైపే తీర్పు చెప్పింది. పిల్లలు ఆడుకునే నేల గురించి మొదట మాట్లాడాల్సింది ఆ వృత్తిలోని వాళ్లే. వాళ్లు మాట్లాడనందువల్ల ఆ పని ఊరు చేయాల్సి వచ్చింది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం, అసలు పచ్చికే దండగ కదా అన్నది. నీళ్లు తాగుతుంది, తిండి పెట్టదు, సంపన్నుల ముచ్చట. దక్కన్ పీఠభూమి మీద, వేసవిలో బోర్లు ఎండిపోయే ఊళ్లలో ఈ మాటకు చాలా బరువుంది. పెద్ద పచ్చిక ప్రతిచోటా ఉండాలని నేనూ అనను. కానీ ఆటస్థలం, పార్కు, బడి మైదానం ఉన్నంతకాలం పచ్చిక ఉంటుంది. దాన్ని తక్కువ నీళ్లతో ఎవరు బతికిస్తారన్నదే ప్రశ్న. వినాయకుడికి మనం పెట్టే గరికే అమెరికా దక్షిణాది మైదానాల్లో బెర్ముడా గడ్డి. దానికీ ఆఫ్రికాలోని దాని దాయాదికీ సంకరమైన టిఫ్‌వే రకాన్ని జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ 1960లో విడుదల చేశాడు. అది విత్తనం కట్టదు, కాడలు నాటే పెంచాలి. అదే బర్టన్ సజ్జలో టిఫ్ట్ 23ఎ అనే మగ వంధ్యత్వ రకాన్ని (పనికొచ్చే పుప్పొడి లేని రకాన్ని) తయారుచేశాడు. భారతదేశపు తొలి సజ్జ హైబ్రిడ్ హెచ్‌బి-1 దాని నుంచే 1965లో వచ్చింది. గడ్డిని లోతుగా చదివిన చూపు మెట్ట రైతుకూ పనికొచ్చిందన్నమాట. గడ్డి తెలిసినవాడే ఇక్కడ పచ్చిక వద్దు, నీడనిచ్చే చెట్టు పెట్టుకోండి అని ధైర్యంగా చెప్పగలడు కూడా.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ, డల్లాస్ శివార్లలోనూ ఇప్పుడు తెలుగువాళ్లు పచ్చిక పనికి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. రేటు అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ నేలకు ఏం చేయకూడదు, ఎందుకు చేయకూడదు? సమాధానం చెప్పడానికి మోకాలి మీద కూర్చుని మట్టి తడి చూసే మనిషి దొరికితే, ఆయన చెప్పినంత ఇవ్వండి.