సాఫ్ట్‌వేర్ అవసరాల నిర్దేశం: ఫార్మల్ స్పెసిఫికేషన్, యూజర్ స్టోరీ

సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో ముందుగా రాసుకునే పద్ధతుల్లో ఇవి రెండు కొసలు. మొదటిది గణిత సంకేతాల్లో ఉంటుంది. రెండోది వాడేవారి కోరికను ఒకటి రెండు మామూలు వాక్యాల్లో చెబుతుంది.

1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ ప్రోగ్రాము సరైనదేనని తర్కంతో రుజువు చేసే దారి చూపారు. 1970లలో ఐబీఎం వియన్నా ప్రయోగశాలలో వీడీఎం అనే ఫార్మల్ పద్ధతి పుట్టింది. ఆ దశాబ్దం చివర్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్-రేమోన్ అబ్రియాల్ సమితి సిద్ధాంతంపై జెడ్ సంకేతలిపికి పునాది వేయగా, ఆక్స్‌ఫర్డ్‌లోని ప్రోగ్రామింగ్ పరిశోధక బృందం దాన్ని పెంచి పెద్దచేసింది. ఆ బృందం ఐబీఎం హర్స్‌లీ ప్రయోగశాలతో కలిసి, బ్యాంకుల లావాదేవీలు నడిపే సీఐసీఎస్‌లో కొన్ని భాగాలను జెడ్‌లో నిర్దేశించింది. ఈ కృషికి 1992లో క్వీన్స్ అవార్డు దక్కింది. అబ్రియాలే తరవాత తెచ్చిన బీ పద్ధతితో పారిస్ మెట్రో 14వ లైనులో డ్రైవరు లేని రైళ్ల భద్రతా సాఫ్ట్‌వేర్ తయారైంది. నిర్దేశాన్ని మెట్టు మెట్టుగా కోడ్ దాకా దించుతూ, ప్రతి మెట్టునూ రుజువు చేశారు. అలా అడా అనే ప్రోగ్రామింగ్ భాషలో వచ్చిన కోడ్ సుమారు 86,000 పంక్తులు. లైను 1998 అక్టోబరులో మొదలైంది. ఈ సంప్రదాయంలో ఇంతకన్నా సొగసైన పని అరుదు.

అయితే ఈ రాత చదవగలవారు కొద్దిమందే. డబ్బు చెల్లించే కస్టమరుకు అది అంతుపట్టదు. చాలా కార్యాలయాలు 1984 నాటి ఐఈఈఈ 830 ప్రమాణం ప్రకారం లావుపాటి పత్రాలతోనే సరిపెట్టుకున్నాయి.

యూజర్ స్టోరీ అమెరికాలో, క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో 1996 ప్రాంతంలో కెంట్ బెక్ బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ ప్రాజెక్టు 2000లో ఆగిపోయినా పద్ధతి మాత్రం లోకమంతా పాకింది. కార్డు మీద రాసింది మాట్లాడుకోవడానికి గుర్తు మాత్రమేనని, అసలు వివరం సంభాషణలోనూ పరీక్షల్లోనూ తేలాలని 2001లో రాన్ జెఫ్రీస్ స్పష్టంచేశాడు. ఎవరికి, ఏం, ఎందుకు కావాలో చెప్పే మూడు ముక్కల మూస లండన్‌లోని కనెక్స్‌ట్రా సంస్థది. యూజర్ స్టోరీలపై మైక్ కోన్ పుస్తకం 2004లో వచ్చింది.

టికెట్ రద్దయితే డబ్బు వాపసు రావాలన్న కోరికకు స్టోరీ చాలు. ఒకేసారి పనిచేసే అనేక యంత్రాల మధ్య సమాచారం చెడకూడదన్న నియమానికి చాలదు. అందుకే అమెజాన్ 2011 నుంచి లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన ఫార్మల్ నిర్దేశ భాష టీఎల్ఏ ప్లస్‌ను వాడింది. ఆ సంస్థ డేటాబేస్ సేవ డైనమోడీబీలో అలా పట్టుబడిన ఒక లోపం బయటపడాలంటే కనీసం 35 అంచెల సంఘటనలు వరసగా జరగాలి. డిజైన్ సమీక్ష, కోడ్ సమీక్ష, పరీక్షలు అన్నిటినీ అది అప్పటికే దాటేసింది.