తెర మీద బతుకులు: ‘భక్త పోతన’ నుంచి ‘మహానాయకుడు’ దాకా

విడవలూరు నుంచి పెద్ద హాల్లో సినిమా చూడాలంటే కోవూరు మీదుగా పోయి, పెన్న దాటి నెల్లూరు చేరాలి. పొద్దంతా వరి మడిలోనో రొయ్యల గుంట గట్టు మీదో ఒళ్ళు వంచిన మనిషి, ఆ కూలి డబ్బుల్లోంచే టికెట్టు కొంటాడు. రెండున్నర గంటల పాటు మరో మనిషి బతుకులోకి తొంగిచూసి రావాలని ఆశపడతాడు. ఈమధ్య అలా పోయి వచ్చినవాళ్ళను ‘ఎట్టా ఉంది?’ అని అడిగితే, ‘ఏముంది, అన్నీ ఒకటే’ అంటున్నారు. ఆ జవాబులో నిరాశ ఉంది. ఆ నిరాశకు ఒక చరిత్ర ఉంది.

సినిమా వ్యాపారంలో మాది ‘నెల్లూరు ఏరియా’. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు చెప్పాక వసూళ్ల పట్టికలో సాధారణంగా ఆఖరున రాసే పేరు. వాటా చిన్నదే కావచ్చు, తెలుగు సినిమాకు ఈ నేల ఇచ్చింది మాత్రం చిన్నది కాదు. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు ఆత్రేయను ఇచ్చింది. కావలి రాజనాలను ఇచ్చింది. రమణారెడ్డి నవ్వు ఈ జిల్లాదే, సింగీతం శ్రీనివాసరావు ప్రతిభా ఈ జిల్లాదే. ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి నెల్లూరువాడే. ఆయన 1970లో కన్నడంలో తీసిన ‘సంస్కార’కు జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. మంచి సినిమా అంటే ఏమిటో ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. అందుకే ఇక్కడి ప్రేక్షకుడి నిరాశను పట్టించుకోవాలి.

నిజంగా బతికిన మనుషుల కథలను మన సినిమా ఎలా చెబుతూ వచ్చిందో వరసగా చూస్తే, ఆ కథ ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది.

భక్తులు, కవులు

తెలుగు టాకీ పుట్టుకే పురాణంతో. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దేవుళ్ళ తర్వాత తెర మీదికి వచ్చినవాళ్ళు దేవుణ్ణి నమ్ముకున్న మనుషులు. 1943లో వాహినీ వారి ‘భక్త పోతన’తో కె.వి. రెడ్డి దర్శకుడయ్యారు. పోతనగా చిత్తూరు నాగయ్య నటించారు. ఆ తర్వాత 1946లో నాగయ్యే స్వయంగా ‘త్యాగయ్య’ తీశారు. 1947లో మళ్ళీ కె.వి. రెడ్డి, నాగయ్య కలిసి ‘యోగి వేమన’ చేశారు.

ఈ మూడింటిలో చరిత్ర కంటే ఐతిహ్యం పాలు ఎక్కువ. అయినా అవి ఈనాటికీ నిలిచాయంటే కారణం వాటి నడకలో ఉంది. పోతన పొలం దున్నుకునే పేదవాడు. రాజుకు కావ్యం అంకితమిస్తే దరిద్రం తీరుతుంది, ఆయన ఇవ్వడు. ఆ నిరాకరణే కథ. వేమన యోగి కాకముందు భోగలాలసుడు, బంగారం పిచ్చివాడు. ప్రాణంగా చూసుకునే చిన్నపిల్ల చనిపోయాక గానీ అతనికి కళ్ళు తెరుచుకోవు. పూజించదగిన మనిషి పతనాన్ని ముందుగా చూపడానికి ఆనాటివాళ్ళు వెనుకాడలేదు. నాగయ్య తెర మీద కుంగిపోతాడు, ఏడుస్తాడు, ఓడిపోతాడు. చూసేవాడికి నాగయ్య మాయమై వేమన మిగులుతాడు.

అదే కాలంలో గూడవల్లి రామబ్రహ్మం సమకాలీన జీవితాన్ని తెర మీదికి తెచ్చారు. ‘మాలపిల్ల’ 1938లో, ‘రైతుబిడ్డ’ 1939లో వచ్చాయి. ‘రైతుబిడ్డ’ జమీందార్ల ఆగ్రహాన్ని, నిషేధాన్ని కూడా ఎదుర్కొంది. ఎవరికో కోపం వస్తుందని తెలిసీ తీసిన సినిమాలవి.

వీరులు

స్వాతంత్య్రం తర్వాత చారిత్రక వీరుల వంతు వచ్చింది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1966లో ‘పల్నాటి యుద్ధం’ ఎన్టీఆర్ కథానాయకుడిగా వచ్చాయి. ఈ వరసకు శిఖరం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. అది కృష్ణకు నూరవ చిత్రం, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. మహారథి రచన. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలోనే కన్నుమూస్తే మిగతా పని కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. ఆ సినిమాలో పాటకు శ్రీశ్రీకి జాతీయ బహుమతి దక్కింది.

అప్పటికే స్టారుగా వెలుగుతున్న కృష్ణ ఆ పాత్ర కోసం తనను తాను అదుపులో పెట్టుకున్నారు. సీత అనే ప్రేయసి పాత్రతో కొంత సినిమా మసాలా కలిసింది. అయినా మన్యం ప్రజలు, గంటందొర, మల్లుదొర కథలోంచి తప్పుకోలేదు. రాజు చావు చావుగానే మిగిలింది. 1983లో విజయచందర్ తానే నటించి, దర్శకత్వం వహించిన ‘ఆంధ్రకేసరి’ కూడా టంగుటూరి ప్రకాశం మీద గౌరవంతో పుట్టిన సినిమా.

పక్కింటి మనిషి

తెలుగు జీవితకథా చిత్రం అసలైన సాహసం చేసింది 1985లో అని నా నమ్మకం. ఆ ఏడు ఉషాకిరణ్ మూవీస్ పతాకాన సింగీతం ‘మయూరి’ తీశారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ కథ అది. ఆ పాత్రలో నటించింది సుధాచంద్రనే. తాను పడ్డ నొప్పిని తానే కెమెరా ముందు మళ్ళీ పడింది. జాతీయ స్థాయిలో ఆమెకు ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. తర్వాత 1991లో అదే సంస్థ ‘అశ్విని’ తీసింది. పరుగుల రాణి అశ్విని నాచప్ప తన పాత్ర తానే వేసింది.

ఈ రెండు సినిమాల్లో రాజులు లేరు, మహాత్ములు లేరు, పేరున్న హీరో లేడు. బతికున్న మనిషి కథకు, అదీ ఓ ఆడపిల్ల కథకు, జనం డబ్బిచ్చి వస్తారని అవి రుజువు చేశాయి. ఆ దారిలో మనం ముందుకు పోలేకపోవడం పెద్ద నష్టం.

సూత్రం బిగిసింది

ఇంకో పక్క వేరే దారి వెడల్పవుతూ వచ్చింది. 1977లో ‘అడవి రాముడు’ ఘన విజయం తర్వాత కథానాయకుడి చుట్టూ సినిమాను అల్లే పద్ధతి బలపడింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ విజయాలతో ఫ్యాక్షన్ కథ అచ్చుబోసినట్టు తయారైంది. ఇంట్రడక్షన్ ఫైటు, ఇంటర్వెల్ బ్యాంగ్, ఫ్లాష్‌బ్యాక్, పాట, క్లైమాక్స్. పేర్లు మారాయి గానీ పోత మారలేదు.

సూత్రం ఉండటం తప్పు కాదు. మన వీధి భాగవతాలకూ సూత్రం ఉంది. అయితే భాగవతంలో సూత్రం కథను మోస్తుంది. ఇక్కడ కథ హీరోను మోయడానికి మిగిలింది. దీనికి వ్యాపార కారణమూ ఉంది. ఒకప్పుడు సినిమా పల్లెల్లోని టూరింగ్ టాకీసుల దాకా మెల్లగా దిగి వచ్చేది. నేల టికెట్టు ప్రేక్షకుడు మళ్ళీ మళ్ళీ చూస్తేనే వంద రోజులు ఆడేది. ఇప్పుడు వేల తెరల మీద ఒకేసారి విడుదల. మొదటి మూడు రోజుల్లోనే పెట్టుబడి రాబట్టుకోవాలి. మూడు రోజుల పాటు జనాన్ని రప్పించేది కథ కాదు, హీరో పేరు. అందుకే ఖర్చంతా ఆ పేరు మీదికి పోతుంది.

2019లో, అప్పటికి మా జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేటలో, దాదాపు వంద అడుగుల వెడల్పు తెరతో ఒక హాలు వెలిసింది. ‘సాహో’తో మొదలైంది. తెర అంత పెద్దదైంది, ఆ తెర నిండా పరిచే మనుషుల కథలే కరువయ్యాయి. 2022లో ‘ఆచార్య’, 2025లో ‘గేమ్ ఛేంజర్’ పెద్ద పేర్లతో వచ్చి జనాన్ని నిరాశపరిచాయి. 2023లో ‘ఏజెంట్’ పరాజయం తర్వాత, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడం తమ తప్పేనని నిర్మాతే బహిరంగంగా ఒప్పుకున్నారు. నిజాయతీగా చెప్పిన ఆ మాట ఒక్క సినిమాకే కాదు, మొత్తం పరిశ్రమకు వర్తిస్తుంది.

2018, 2019

ఇలాంటి కాలంలో 2018 మే 9న ‘మహానటి’ వచ్చింది. నాగ్ అశ్విన్ నటి సావిత్రి వైభవాన్ని ఎంత చూపారో, ఆమె తాగుడును, అప్పులను, ఆసుపత్రి మంచం మీద స్పృహ లేని నెలలను కూడా అంతే చూపారు. ఆమె భర్త జెమినీ గణేశన్ కుటుంబం నుంచి అభ్యంతరాలు రాకపోలేదు. అయినా జనం ఆదరించారు. కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి బహుమతి దక్కింది.

ఆ విజయం చూసి జీవితకథలకు గిరాకీ పెరిగింది. మరుసటి ఏడాదే ఎన్నికలు. 2019 జనవరి 9న ‘కథానాయకుడు’, ఫిబ్రవరి 22న ‘మహానాయకుడు’ వచ్చాయి. తండ్రి ఎన్టీఆర్ పాత్రలో కొడుకు బాలకృష్ణ, దర్శకుడు క్రిష్. ఎన్టీఆర్ జీవితంలో అందరికీ తెలిసిన అతి పెద్ద విషాదం, సొంతవాళ్ళే ముఖ్యమంత్రి పదవి నుంచి దించేసిన 1995 ఆగస్టు. రెండు భాగాల సినిమా ప్రభుత్వం కూలిన 1984 సంక్షోభం దగ్గర, భార్య బసవతారకం మరణం దగ్గర ఆగిపోయింది. అదే 1995ను పట్టుకుని రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ తీశారు. ఎన్నికల కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో దాని విడుదల ఆగింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మీద ‘యాత్ర’ కూడా ఆ ఫిబ్రవరిలోనే వచ్చింది. 2003 పాదయాత్రకే పరిమితం కావడం వల్ల దానికి ఒక ఒడుపు చిక్కింది గానీ, అదీ ఓటు వేళ చూసుకుని వచ్చిన సినిమాయే. ఎన్టీఆర్ బతుకును ఒకరు సగం చూపితే, ఇంకొకరు మిగతా సగాన్ని ఆయుధంగా వాడుకున్నారు. మొత్తం మనిషి ఎవరి సినిమాలోనూ లేడు. ‘కథానాయకుడు’, ‘మహానాయకుడు’ రెండింటినీ ప్రేక్షకులు తిరస్కరించారు, బయ్యర్లు బాగా నష్టపోయారు.

అదే ఏడు అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన పాలెగాడు. ఈస్టిండియా కంపెనీ ఇచ్చే తవర్జీ నెలకు పదకొండు రూపాయల చిల్లర. ఆ కాస్త భరణం దగ్గర జరిగిన అవమానం, ఇనాములు పోగొట్టుకున్న ఊరి కాపలాదార్లైన కట్టుబడుల కడుపుమంట, ఇవి కలిసి రాజుకున్న నిప్పు అది. ఈ రేనాటి వివరాలన్నీ ఖరీదైన యుద్ధ దృశ్యాల కింద అణగిపోయాయి. తల తెగి ఏళ్ళ తరబడి కోట గోడకు వేలాడిన మనిషిని జాతీయ మహావీరుడి కొలతలకు సాగదీశారు. అతను అంతకుముందే పెద్దవాడని గ్రహించలేదు.

ఆ సంవత్సరమే జూన్‌లో ‘మల్లేశం’ వచ్చింది. నేతకు ముందు నూలు చుట్టే ఆసు పోయడంలో తల్లి భుజం అరిగిపోవడం చూడలేక యంత్రం కనిపెట్టిన చేనేత కుటుంబపు బిడ్డ చింతకింది మల్లేశం కథ. పెద్ద హీరో లేడు. ఆసు చప్పుడు, అప్పు, ఓటమి, మళ్ళీ ప్రయత్నం. అరుదైన నిజాయతీ గల సినిమా.

బతుకును సూత్రానికి సరిపెట్టే ఈ జబ్బు మన ఒక్కరికే కాదు. 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సడీ’ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి జబ్బు తెలిసిన సమయాన్ని, కథకు అనుకూలంగా 1985 నాటి ఒక పెద్ద కచేరీకి ముందుకు జరిపింది. ప్రపంచమంతటా బతుకును స్క్రీన్‌ప్లే కొలతకు కత్తిరిస్తున్నారు.

ఎక్కడ తప్పాం

ఎనభై ఏళ్ళ ఈ వరసలో నాకు కనిపించే తేడా ఒక్కటే. నిలిచిన సినిమాలు తమ మనిషి ఓటమిని దాచలేదు. వేమన పతనం, అల్లూరి మరణం, సుధ కోల్పోయిన కాలు, సావిత్రి ఒంటరితనం, మల్లేశం అప్పు. పడిపోయిన సినిమాలు ఓటమిని తీసేసి ఆ చోట ఎలివేషన్ పెట్టాయి. కుటుంబం అనుమతి, అభిమానుల మనోభావాలు, పార్టీ అవసరం, హీరో ఇమేజి అనే నాలుగు కాపలాలు దాటి వచ్చేసరికి అసలు మనిషి గడప దగ్గరే నిలిచిపోతున్నాడు. జీవితకథకూ మాస్ సినిమాకూ తేడా చెరిగిపోయింది.

అలా ఓటమినీ దాచకుండా చెప్పాల్సిన బతుకు ఒకటి మా దగ్గరే ఉంది. మా విడవలూరు మండలంలోని ఊరు అలగానిపాడు. 1913 మే 1న కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య అక్కడ పుట్టారు. భూస్వామి ఇంటి బిడ్డ. పేరు చివరి ‘రెడ్డి’ని తీసేసుకున్నారు. 1930లో చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్ళారు. తిరిగొచ్చి, సొంతవాళ్ళకు కంటగింపవుతుందని తెలిసీ, సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఉద్యమానికి అడ్డవుతుందని భార్యాభర్తలు పిల్లలు వద్దనుకున్నారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారు. నాయకత్వం వహించిన పార్టీతోనే విభేదించి ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు. ఇందులో గెలుపు ఎంతుందో ఓటమీ అంతే ఉంది, ఆ రెండూ కలిస్తేనే సుందరయ్య.

రేపు ఎవరైనా ఆయన మీదో, సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళ మీదో సినిమా తీస్తామని వస్తే, మా జిల్లావాళ్ళుగా అడగాల్సింది ఒక్కటే: ముందు మా ఊరికి రండి, ఆ పొలం గట్ల మీద నడవండి, కూలీల ముసలివాళ్ళతో మాట్లాడండి, ఆ తర్వాతే హీరోను వెతుక్కోండి. టికెట్టు కొనే మనకూ ఒక బాధ్యత ఉంది. మనిషిని దాచిన సినిమాకు డబ్బులిచ్చి, మనిషిని చూపిన సినిమాను టీవీలో వస్తుందిలే అని వదిలేస్తే, మన పిల్లలకు మిగిలేవి కటౌట్లే.