కరిగిన లోహంలో కనిపించని ప్రవాహం

ఒక పళ్లెంలో నీళ్లు పోసి, పైన కాస్త మిరియాల పొడి చల్లండి. సబ్బు రాసుకున్న వేలిని మధ్యలో తాకించండి. పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పరుగెత్తుతుంది. నీటి పైభాగం సాగదీసిన పొరలా బిగువుగా ఉంటుంది. ఆ బిగువునే తలతన్యత అంటాం. సబ్బు తగిలిన చోట బిగువు సడలుతుంది. సడలని అంచులు నీటిని తమవైపు లాక్కుంటాయి.

ద్రాక్షసారా గ్లాసు గోడల మీద చుక్కలు కన్నీళ్లలా జారడానికి కారణం ఈ లాగుడేనని 1855లో జేమ్స్ థామ్సన్ వివరించారు. 1865లో ఇటలీలోని పావియాలో కార్లో మారంగోని దీనిపైనే పరిశోధన చేశారు. ఈ ప్రవాహానికి ఆయన పేరే స్థిరపడింది.

సబ్బు చేసే పని వేడి కూడా చేస్తుంది. వేడెక్కిన చోట బిగువు తగ్గుతుంది. 1900లో ఫ్రాన్సులో ఆన్రీ బెనార్ పల్చని ద్రవపు పొరను అడుగునుంచి వేడిచేస్తే, తేనెపట్టులాంటి ఆరు మూలల గదులు ఏర్పడ్డాయి. వేడి ద్రవం తేలికై పైకి లేవడమే కారణమని 1916లో రేలీ చెప్పారు. అంత పల్చని పొరలో అసలు కారణం తలతన్యతేనని 1956లో బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు చూపారు.

ఇక మన వెల్డింగు షాపుకు వద్దాం. కరిగిన ఇనుముకు తలతన్యత నీటికంటే ఇరవై రెట్లకు పైగా ఉంటుంది. ఆర్కు కింద మధ్యభాగం బాగా వేడి, అంచులు కొంత చల్లన. అందుచేత లోహం మధ్యనుంచి అంచులకు పారుతుంది. అతుకు వెడల్పవుతుంది గాని లోతుకు దిగదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఒకే రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అదే కరెంటు, అదే చెయ్యి. అయినా ఒక పోత ఉక్కులో అతుకు లోతుగా దిగేది, మరో పోతలో పైపైనే నిలిచేది. 1982లో అమెరికాలో హైపుల్, రోపర్ అనే ఇద్దరు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. లక్ష పాళ్ల ఉక్కులో ఐదారు పాళ్ల గంధకం ఉంటే చాలు, వ్యవహారం తలకిందులవుతుంది. అప్పుడు వేడి పెరిగేకొద్దీ బిగువు కూడా పెరుగుతుంది. లోహం అంచులనుంచి మధ్యకు వచ్చి, అక్కడి వేడిని వెంటబెట్టుకుని కిందికి దిగుతుంది. అతుకు లోతుగా పడుతుంది.

విచిత్రమేమంటే, గంధకాన్ని బాగా తీసేసిన శుభ్రమైన ఉక్కే లోతుగా అతకదు. అలాగని గంధకం ఎక్కువైతే అతుకు పగుళ్లిస్తుంది.

పైకి నున్నగా కనబడే అతుకు లోపల పట్టు లేక విడిపోతే ప్రమాదం. కనుక కొత్త పోత రేకు వచ్చినప్పుడు ఒక తునకను అతికి, కోసి, లోతు చూసుకోవడం మంచిది. అతుకు దిగకపోతే పనివాడి చేతిని తప్పుపట్టే ముందు, ఆ ఉక్కులో గంధకమెంతో కూడా అడగాలి.