ఇండక్షన్ పొయ్యి

ఇండక్షన్ పొయ్యి విద్యుత్తుతో పనిచేసే ఒక వంట సాధనము. దీనిలో మంట గానీ, ఎర్రగా కాలే తీగ గానీ ఉండదు. విద్యుదయస్కాంత ప్రేరణ వలన పాత్ర అడుగుభాగమే వేడెక్కి, ఆ వేడికి ఆహారము ఉడుకుతుంది. గట్టుకు బిగించనవసరము లేకుండా ఎక్కడికైనా తీసుకొనిపోగల ఒంటి పొయ్యి భారతదేశపు ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. దీని సామర్థ్యము సాధారణంగా 1200 నుండి 2000 వాట్ల వరకు ఉంటుంది.

చరిత్ర

విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. 1950వ దశకములో అమెరికాలోని ఫ్రిజిడైర్ సంస్థ, పొయ్యికీ పాత్రకూ నడుమ వార్తాపత్రికను ఉంచి, అది కాలకుండానే నీటిని మరిగించి చూపించింది. 1970వ దశకము తొలినాళ్ళలో వెస్టింగ్‌హౌస్ సంస్థ గృహోపయోగానికి తగిన నమూనాను ప్రదర్శించింది. భారతదేశములో 2012 సెప్టెంబరులో రాయితీ గ్యాస్ సిలిండర్లను ఒక్కొక్క కుటుంబానికి ఏడాదికి 6కు పరిమితము చేసినప్పుడు ఈ పొయ్యిల వైపు ప్రజల దృష్టి మళ్ళింది. ఆ పరిమితిని 2013లో 9కి, 2014లో 12కు పెంచారు.

పనిచేయు విధానము

పైనున్న గాజుపలక క్రింద రాగి తీగచుట్ట ఉంటుంది. ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్‌ల విద్యుత్తును పొయ్యిలోని ఎలక్ట్రానిక్ వలయము 20 వేల హెర్ట్జ్‌లకు మించిన పౌనఃపున్యము గల విద్యుత్తుగా మార్చి ఈ చుట్టకు పంపుతుంది. అందువలన వేగముగా మారే అయస్కాంత క్షేత్రము ఏర్పడి, పాత్ర అడుగున సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. లోహపు నిరోధము వలన ఆ ప్రవాహాలు ఉష్ణముగా మారుతాయి. గాజుపలక తనంతట తాను వేడెక్కదు. పాత్ర వేడి తగిలి మాత్రమే కాలుతుంది.

తగిన పాత్రలు

అడుగున అయస్కాంతము గట్టిగా అతుక్కొనే పాత్రలు మాత్రమే పనికివస్తాయి. ఇనుప పెనము, పోత ఇనుప పాత్రలు, కొన్ని రకాల స్టీలు గిన్నెలు ఇందుకు తగినవి. ఇత్తడి, రాగి, మట్టి, గాజు పాత్రలు, మామూలు అల్యూమినియం పాత్రలు పనికిరావు. స్టీలు గిన్నెలన్నీ ఒక్కటి కావు. కొన్నింటికి అయస్కాంతము అంటదు. కనుక కొనే ముందు చిన్న అయస్కాంతముతో పరీక్షించుట మంచిది. పాత్ర అడుగు చదునుగా ఉండాలి. గుండ్రని అడుగు గల మూకుడు పలకపై సరిగా ఆనదు.

గృహోపయోగాలు

* పాలు కాచుటకు, కాఫీ, టీ కాచుటకు, నీళ్ళు మరిగించుటకు.
* అడుగు తగినదైన ప్రెషర్ కుక్కరులో అన్నము, పప్పు వండుటకు, ఇడ్లీలు ఉడికించుటకు.
* చదునైన ఇనుప పెనముపై దోసెలు, చపాతీలు కాల్చుటకు.
* గ్యాస్ అయిపోయినప్పుడు, పండుగలకు వంట ఎక్కువైనప్పుడు అదనపు పొయ్యిగా.
* భోజనాల బల్ల వద్దనే కూరలు, చారు వేడిచేసి వడ్డించుటకు.
* ఒంటరిగా గదిలో ఉండే విద్యార్థులకు, ఉద్యోగులకు. వసతిగృహాలలో మాత్రము నిర్వాహకుల అనుమతి అవసరము.

చాలా నమూనాలలో సమయసూచిక ఉంటుంది. నిర్ణీత సమయము కాగానే పొయ్యి దానంతట అదే ఆగిపోవుట మతిమరపు గల వృద్ధులున్న ఇళ్ళలో ఒక రక్షణ.

విద్యుత్ వినియోగము

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయుటకు సుమారు 293 కిలోజౌళ్ళ ఉష్ణము కావాలి. పొయ్యి దక్షత 85 శాతము అనుకుంటే ఇందుకు సుమారు 0.1 యూనిట్ విద్యుత్తు ఖర్చవుతుంది. 2000 వాట్ల పొయ్యిపై ఇది సుమారు మూడు నిమిషాల పని. ఇదే లెక్కన 14.2 కిలోల గ్యాస్ సిలిండరుతో చేసే వంటకు సుమారు 130 నుండి 145 యూనిట్లు అవసరమవుతాయి. తమ ప్రాంతపు యూనిట్ ధరతో దీనిని గుణించి సిలిండరు ధరతో పోల్చి చూసుకొనవచ్చును. యూనిట్ ధర వినియోగపు శ్లాబును బట్టి పెరుగుతుందని గమనించాలి.

జాగ్రత్తలు

2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. దీపాలకు, ఫ్యానులకు వాడే 6 ఆంపియర్ల సాకెట్టుకు, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకు దీనిని తగిలిస్తే తీగలు వేడెక్కి అగ్నిప్రమాదము జరుగవచ్చును. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టునే వాడాలి.

నూనె పోసిన పాత్రను వదలి వెళ్ళరాదు. మంట కనిపించకపోయినా నూనె అతివేగముగా కాగుతుంది. పొయ్యి క్రింద గుడ్డ, కాగితము పరిస్తే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వంట ముగిసిన తరువాత లోపలి ఫ్యాను ఆగేవరకు ప్లగ్గు తీయరాదు. గాజుపలక పగిలితే వాడకము వెంటనే మానివేయాలి. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు పనిచేస్తున్న పొయ్యికి కనీసము 60 సెంటీమీటర్ల దూరములో ఉండి, వైద్యుని సలహా పాటించాలి.

పరిమితులు

విద్యుత్ కోత సమయములో ఇది పనిచేయదు. ఇళ్ళలో ఉండే సాధారణ ఇన్వర్టరు దీని భారాన్ని మోయలేదు. మంట లేనందున పచ్చడికి వంకాయ కాల్చుట, పుల్కాలను నిప్పుపై పొంగించుట సాధ్యము కాదు. కొన్ని నమూనాలు తక్కువ సెగ వద్ద ఆగుతూ, వెలుగుతూ పనిచేస్తాయి. అందువలన పాకము పట్టుట, పాయసము వంటి వంటలకు మందపాటి అడుగు గల పాత్ర వాడి, కలుపుతూ ఉండవలెను.