జీపుకు ‘గట్టి’ టైర్లు వేయించాక కుదుపులు ఎందుకు పెరుగుతాయి? లోడ్ ఇండెక్స్ చెప్పే లెక్క ఇదీ

ఆదివారం పొద్దున్నే పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కాసేపు నిలబడితే ముంబై హైవే మీద థార్‌లు, జిమ్నీలు, బొలెరోలు వరసగా కనిపిస్తాయి. సదాశివపేట దగ్గర మలుపు తిరిగి మోమిన్‌పేట మీదుగా వికారాబాద్, అక్కడి నుంచి అనంతగిరి గుట్టలకు వెళ్లే బండ్లు వీటిలో కొన్ని. వారమంతా పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం కంపెనీల్లో పనిచేసి, సెలవు రోజున మట్టి దారి పట్టేవాళ్లవి.

ఇలాంటి బండి కొన్నవారు మొదట మార్చేది టైర్లే. షోరూం టైర్లు తీసేసి, చూడటానికి దిట్టంగా, గాళ్లు లోతుగా ఉన్నవి వేయిస్తారు. షాపులో చెప్పే మాట కూడా ఒకటే: ‘ఇది ఎక్కువ లోడ్ ఆపుతుంది సార్, స్ట్రాంగ్ టైరు’. వారం తిరక్కుండానే ఇంట్లోవాళ్లు అడుగుతారు, బండికి ఏమైందని. స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుముకు తగులుతుంది. సన్న కంకర మీద కూడా స్టీరింగ్ వణుకుతుంది. షాక్ అబ్జార్బర్లు పోయాయేమోనని మెకానిక్ దగ్గరికి వెళ్తే అవి మార్చడానికి మరికొన్ని వేలు. అప్పటికీ కుదుపు పోదు. ఎందుకంటే తేడా సస్పెన్షన్‌లో లేదు. టైరు పక్కన రాసి ఉన్న రెండు, మూడు అంకెల్లో ఉంది.

ఆ అంకెలు ఏం చెబుతాయి?

ఉదాహరణకు టైరు మీద 215/75 ఆర్15 100ఎస్ అని ఉందనుకుందాం. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. చివర ఉన్న 100 లోడ్ ఇండెక్స్, ఎస్ అనేది వేగం గుర్తు.

లోడ్ ఇండెక్స్ 100 అంటే వంద కిలోలు కాదు. అది ఒక పట్టికలోని వరస సంఖ్య. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు, 100 అంటే 800, 104 అంటే 900, 108 అంటే 1,000, 111 అంటే 1,090, 120 అంటే 1,400 కిలోలు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టీ అంటే 190, క్యూ అంటే 160.

కొన్ని టైర్ల మీద సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటుంది. లైట్ ట్రక్ అని అర్థం. అలాంటివాటి మీద లోడ్ ఇండెక్స్ 120/116 అని రెండుగా కనిపిస్తుంది. మొదటిది ఇరుసుకు ఒక్కో వైపు ఒకే టైరు ఉన్నప్పుడు, రెండోది లారీ వెనకలా జంట టైర్లు ఉన్నప్పుడు. వీటికే సి, డి, ఇ అని లోడ్ రేంజ్ ఉంటుంది. ఇవే 6, 8, 10 ప్లై రేటింగులు. 10 ప్లై అంటే లోపల పది పొరలు ఉంటాయని షాపుల్లో చెబుతుంటారు. ఇప్పుడు అలా ఉండదు. నూలు దారాలతో టైర్లు చేసిన రోజుల్లో పొరలను లెక్కపెట్టి బలం చెప్పేవారు. ఈ రోజుల్లో పొరలు తక్కువే, బలం మాత్రం ఆ పాత లెక్కకు సమానం. పేరు మిగిలింది, పొరలు పోయాయి.

బరువు మోసేది రబ్బరు కాదు, గాలి

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. టైరు మోసే బరువులో ఎక్కువ భాగాన్ని లోపలి గాలి ఒత్తిడే మోస్తుంది. రబ్బరు, దారాలు, ఉక్కు తీగలు చేసే పని ఆ గాలిని పట్టి ఉంచడం. అంటే ఎక్కువ లోడ్ రేటింగ్ ఉన్న టైరు అసలు చెప్పేది ‘నాలో ఎక్కువ గాలి కొట్టినా తట్టుకుంటాను’ అని. సాధారణ కారు టైరు రేటింగ్‌ను 35, 36 పీఎస్ఐ దగ్గర లెక్కగడతారు. ఎల్‌టీ టైర్లలో సి రేంజ్‌కు 50, డి రేంజ్‌కు 65, ఇ రేంజ్‌కు 80 పీఎస్ఐ దగ్గర.

ఇక్కడే చాలామంది ఊహించని విషయం ఒకటి ఉంది. ఒకే సైజు, 245/75 ఆర్16 తీసుకోండి. 2020లో వచ్చిన థార్‌లో ఏఎక్స్ రకానికి కంపెనీ ఇచ్చిన సైజు ఇదే. ఈ సైజులో సాధారణ టైరు 35 పీఎస్ఐ దగ్గరే వెయ్యి కిలోలకు పైగా మోస్తుంది. అదే సైజులో ఇ రేంజ్ ఎల్‌టీ టైరు 35 పీఎస్ఐ దగ్గర మోసేది సుమారు 770 కిలోలే. వెయ్యి కిలోలు మోయాలంటే దానికి 50 పీఎస్ఐ కావాలి. 80 దగ్గర గానీ దాని పూర్తి సత్తా, అంటే దాదాపు 1,400 కిలోలు, బయటికి రాదు. ‘స్ట్రాంగ్’ టైరు అదే గాలితో తక్కువ బరువు మోస్తుందన్నమాట.

కాబట్టి ఎల్‌టీ టైరు వేయించాక పాత టైరుకు సమానంగా బరువు మోయించాలంటే గాలి పెంచక తప్పదు. గాలి పెరిగిన కొద్దీ టైరు గట్టి స్ప్రింగులా పనిచేస్తుంది. చిన్న రాయి మీదికి ఎక్కినప్పుడు మెత్తని టైరు ఆ రాయిని తనలోకి కొంత మింగేస్తుంది. గట్టి టైరు మింగదు, బండినే పైకి లేపుతుంది.

దీనికి మరో రెండు తోడవుతాయి. ఎల్‌టీ టైరు సైడ్‌వాల్ మందం ఎక్కువ, గాలి ఎంతున్నా తేలిగ్గా వంగదు. పైగా ఒక్కో టైరు కొన్ని కిలోలు ఎక్కువ బరువు తూగుతుంది. ఈ బరువు సస్పెన్షన్‌కు కింద ఉంటుంది. గుంతలో పడి లేచే చక్రం బరువైనదైతే దాన్ని అదుపు చేయడం షాక్ అబ్జార్బర్‌కు కష్టం. ఆ మిగిలిన ఊపంతా సీటు దాకా వస్తుంది.

టైరు స్ప్రింగులా ఎంత పనిచేస్తుందో చూడాలంటే ట్రాక్టర్‌ను చూడండి. ఇదే హైవే మీద జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. సాధారణ ట్రాక్టర్ వెనక ఇరుసుకు స్ప్రింగులే ఉండవు. తక్కువ గాలి ఉన్న ఆ పెద్ద టైరే మొత్తం సస్పెన్షన్.

రిమ్ము సైజు కూడా కలగజేసుకుంటుంది. థార్‌కే ఇచ్చిన మరో సైజు 255/65 ఆర్18. దీని సైడ్‌వాల్ ఎత్తు సుమారు 166 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16కు 184. పెద్ద అల్లాయ్ వీల్ అందంగానే ఉంటుంది గానీ, కుదుపును మింగే భాగం దాదాపు 2 సెంటీమీటర్లు తగ్గింది. ఆ తగ్గినదానిలో ఎల్‌టీ టైరు వేస్తే ఫలితం ఊహించుకోవచ్చు.

80 పీఎస్ఐ అని రాసి ఉంటే అంత కొట్టించాలా?

వద్దు. టైరు మీద రాసింది గరిష్ఠ పరిమితి, మీ బండికి కావాల్సిన కొలత కాదు. రోజూ నింపాల్సిన గాలి ఎంతో డ్రైవర్ వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. అయితే ఆ స్టిక్కర్ కంపెనీ టైర్లను బట్టి రాసింది. టైరు రకం మారితే ఆ అంకె యథాతథంగా పనికిరాదు. టైరు కంపెనీ దగ్గర లోడ్‌కు, గాలికి సంబంధించిన పట్టిక ఉంటుంది. దాన్ని అడిగి, స్టిక్కర్ గాలి దగ్గర పాత టైరు ఎంత బరువు మోసేదో, కొత్త టైరు అంతే మోయడానికి ఎంత గాలి కావాలో చూసుకోవాలి. ఆ అంకె 50 దగ్గర తేలితే, మీరు కొనబోతున్నది మీకు అక్కర్లేని టైరేమోనని అక్కడే ఆలోచించుకోవచ్చు.

గాలిని చల్లటి టైరు మీదే కొలవాలి. టైరు ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద పరుగెత్తి వచ్చిన టైరులో 4, 5 పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలే. కుదుపుగా ఉందని అప్పుడు గాలి తీసేస్తే మర్నాడు పొద్దుటికి టైరులో గాలి తక్కువై ఉంటుంది. నైట్రోజన్ నింపితే బండి మెత్తగా నడుస్తుందన్న మాటా తరచూ వినిపిస్తుంది. 35 పీఎస్ఐ నైట్రోజన్, 35 పీఎస్ఐ గాలి నడుముకు ఒకేలా తగులుతాయి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాల్సిన సౌకర్యం, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బంకు మీటరును పూర్తిగా నమ్మకుండా జేబులో సొంత గేజ్ ఉంచుకోవడం మేలు.

మీ బండికి ఎంత రేటింగ్ చాలు?

పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. లారీల కోసం పెట్టిన వే బ్రిడ్జీలు హైవే వెంట దొరుకుతాయి. ట్రిప్పుకు వెళ్లేటప్పుడు ఉండే మనుషులు, సామానుతోనే బండిని తీసుకెళ్లి, ముందు చక్రాలను మాత్రమే కాంటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలను మాత్రమే పెట్టి మరోసారి తూకం వేయించండి. వెనక ఇరుసు మీద 1,200 కిలోలు తేలిందనుకుందాం. ఒక్కో టైరు మీద 600. లోడ్ ఇండెక్స్ 100 ఉన్న టైరు 800 మోస్తుంది, మలుపులకు, గుంతలకు మిగులు కూడా ఉంది. అలాంటి బండికి 1,400 కిలోల టైరు వేస్తే ఆ అదనపు సత్తా ఎప్పటికీ వాడుకోం, కుదుపు మాత్రం రోజూ అనుభవిస్తాం.

అలాగని మెత్తదనం కోసం కంపెనీ చెప్పినదాని కంటే తక్కువ రేటింగ్‌కు దిగడం ప్రమాదం. మోయాల్సినదానికి మించి బరువు పడితే సైడ్‌వాల్ అతిగా వంగుతుంది, వేడెక్కుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. హైవే వేగంలో టైరు పేలడానికి దారితీసేవాటిలో ఇదొకటి. కంపెనీ చెప్పిన లోడ్ ఇండెక్స్‌కు సమానంగా గానీ, రెండు మూడు అంకెలు ఎక్కువగా గానీ ఉన్నది తీసుకుంటే మెత్తదనం పెద్దగా పోదు. మట్టి దారి పట్టు కావాలంటే సాధారణ రేటింగ్‌లోనే ఆల్ టెరైన్ రకాలు దొరుకుతాయి. గాళ్ల లోతుకు, లోడ్ రేటింగ్‌కు సంబంధం లేదు. షాపులో ఈ రెండింటినీ కలిపి చెప్పడం వల్లే సగం గందరగోళం.

ఎల్‌టీ టైరు ఎవరికీ వద్దని కాదు. పైన క్యారియర్ మీద టెంటు, డీజిల్ డబ్బాలు వేసుకుని లద్దాఖ్ వెళ్లేవారికి, ట్రైలర్ లాగేవారికి, క్వారీలలో పదునైన రాళ్ల మధ్య రోజూ తిరిగే బండ్లకు, సరుకు పికప్‌లకు అది కావాల్సిందే. మందమైన సైడ్‌వాల్ రాతి కోతను చాలావరకు తట్టుకుంటుంది. అక్కడ కుదుపు కంటే టైరు చీలకపోవడమే ముఖ్యం.

గుట్టల్లో గాలి తగ్గిస్తే?

తగ్గించవచ్చు, తగ్గించాలి కూడా. మట్టి దారి మొదలయ్యే చోట 18, 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు నేలను ఎక్కువ పొడవున పట్టుకుంటుంది, రాళ్ల మీద కుదుపు గణనీయంగా తగ్గుతుంది. అక్కడ వేగం గంటకు 20, 30 కిలోమీటర్లు దాటకూడదు. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందే గాలి నింపాలి. ‘పోతిరెడ్డిపల్లి దాకా వెళ్లి కొట్టిద్దాం’ అనుకుని అదే గాలితో హైవే మీద 80లో వస్తే టైరు లోపలి నుంచే కాలిపోతుంది. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ బండిలో ఉండాల్సింది అందుకే. జాతీయ రహదారి మీద టైరు పోయి ఇరుక్కుంటే 1033కి ఫోన్ చేయవచ్చు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 94వ నిబంధన టైర్ల స్థితి గురించి, 95వది టైరు సైజు, ప్లై రేటింగ్ గురించి చెబుతాయి. కార్లు, జీపుల టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. ఫెండర్ దాటి బయటికి వచ్చే టైర్లు, బండిని ఎత్తు లేపడం ఇలాంటి చిక్కులు తెస్తాయి. అదే మోడల్‌లో కంపెనీ ఏదో ఒక రకానికి ఇచ్చిన సైజుకే మారితే ఇబ్బంది తక్కువ. సందేహముంటే సంగారెడ్డి రవాణా శాఖ కార్యాలయంలో అడిగాకే డబ్బు కట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి. లేదంటే క్లెయిం సమయంలో అదే వివాదం కావచ్చు.

షాపులో బిల్లు వేసే ముందు టైరును చేత్తో తిప్పి మూడు చూడండి: ఐఎస్ఐ గుర్తు, లోడ్ ఇండెక్స్, నాలుగు అంకెల తయారీ తేదీ. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం. ఏళ్ల తరబడి షాపులో పడున్న రబ్బరు బిరుసెక్కుతుంది, రేటింగ్ సరైనదే అయినా కుదుపుతుంది. నాలుగూ ఒకే రకం తీసుకోండి, వీలైతే స్టెప్నీ కూడా. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు టైర్ల వ్యాసాల్లో తేడా ఉంటే ఆ ఒత్తిడి గేరు పెట్టె పక్కనుండే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. దాని మరమ్మతు ఖర్చు నాలుగు టైర్ల ధరను దాటిపోవచ్చు.